పిట్టగోడ పక్కన సీగల్ గూడు: పిల్లలు ఎగిరేదాకా డాబా ఎక్కేదెలా?

పైఅంతస్తు | మే 28

అందరికీ నమస్కారం. మాది సముద్రానికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న నాలుగంతస్తుల బిల్డింగ్. మేం పై అంతస్తులో ఉంటాం. డాబా మీద వాటర్ ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య సందులో ఒక సీగల్ జంట గూడు పెట్టింది. ఎండుగడ్డి, నైలాన్ తాడు ముక్కలు, ఎవరో పారేసిన నీలం గ్లౌజు, అన్నీ కలిపి పెద్ద పళ్ళెమంత గూడు. ఈ నెల మొదట్లో చూసినప్పుడు అందులో మూడు గుడ్లున్నాయి. మట్టిరంగు మీద నల్లని మచ్చలు.

మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. రోజూ తెల్లవారాక డాబా మీద అరగంట నడవడం ఆమెకు అలవాటు. మొన్న ఒక సీగల్ వెనకనుంచి వచ్చి ఆమె తల మీద కాళ్లతో తన్ని వెళ్లింది. రక్తం రాలేదు. కానీ ఆ భయంలో మెట్ల దగ్గర తూలింది, రెయిలింగ్ దొరికింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

గూడు తీసి వేరే చోట పెట్టొచ్చా? తీయకూడదంటే ఈ గొడవ ఎన్నాళ్లుంటుంది? ఈలోపు బట్టలు ఆరేయడానికి, ట్యాంకు చూసుకోవడానికి పైకి వెళ్లక తప్పదు. తెలిసినవాళ్లు చెప్పండి.


రాత్రిడ్యూటీ | మే 28

ఇంకా గుడ్ల దశలోనే ఉంది కదా, ఇప్పుడే తీసిపారేయండి. పిల్లలయ్యాక ఏమీ చేయలేరు. నేను రాత్రి పని చేసి పొద్దున ఆరింటికి ఇంటికొస్తాను. మా పక్క బిల్డింగ్ మీద నాలుగు జంటలున్నాయి. వెలుతురు రాకముందే మొదలుపెడతాయి. మూడేళ్లుగా మే నుంచి జులై దాకా నాకు నిద్రన్నది లేదు. పక్షులంటే ప్రేమ ఉన్నవాళ్లు ఒక్క వారం మా ఇంట్లో పడుకుని చూడాలి.


రెక్కలచప్పుడు | మే 28

పైఅంతస్తు గారూ, ముందు అమ్మగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. గూడు మాత్రం దయచేసి ముట్టుకోకండి. గుడ్లున్న గూడును కదిలించడం చాలా దేశాల్లో నేరం. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం, అమెరికాలో 1918 నుంచి ఉన్న వలస పక్షుల చట్టం, రెండూ ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి. నిజంగా ప్రాణాపాయం ఉంటే అధికారుల అనుమతితో చేసే మార్గాలున్నాయి, సొంతంగా చేయకూడదు. మీరున్న చోట నియమం ఏమిటో స్థానిక వన్యప్రాణి విభాగాన్ని ఒకసారి అడగండి.

గూడును కొంచెం పక్కకు జరిపినా పని జరగదు. వాటికి గుర్తు ఆ చోటే. గూడు రెండు గజాలు అవతల పెడితే తల్లి వచ్చి ఖాళీ చోట కూర్చోవచ్చు, గుడ్లు చల్లబడిపోతాయి. పోయినవాటి బదులు మళ్లీ గుడ్లు పెడితే మీకు ఇంకో నెల కలుస్తుంది తప్ప తగ్గదు.

వీపు బూడిదరంగు, కాళ్లు గులాబీ రంగు, పసుపు ముక్కు మీద ఎర్రచుక్క ఉంటే అవి హెర్రింగ్ గల్స్ అనే సీగల్ జాతి అయ్యుంటాయి. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్ల బయటికి రావడానికి దాదాపు 28 నుంచి 30 రోజులు. తల్లీ తండ్రీ ఇద్దరూ వంతులవారీగా పొదుగుతాయి. బయటికొచ్చాక పిల్లలు ఎగరడానికి అయిదారు వారాలు. అంటే మీకు జులై రెండో వారం దాకా పడుతుంది. ఆ రోజులన్నీ ఒకేలా ఉండవు. గుడ్ల మీద ఉన్నప్పుడు కాస్త నయం. పిల్లలు నడవడం మొదలుపెట్టి గూడు వదిలి తిరిగేటప్పుడు, ఆ తర్వాత ఎగరబోయి కింద పడేటప్పుడు పెద్దవాటికి ఆగదు. ఆ రెండు మూడు వారాలే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన కాలం.


ఇటుకాసున్నం | మే 29

నేను పైకప్పుల రిపేర్లు చేస్తాను. ఇరవై ఏళ్లలో ఈ పక్షుల చేత ఎన్నిసార్లు తన్నించుకున్నానో లెక్కలేదు. అనుభవంతో చెప్తున్నాను, వెళ్లక తప్పదంటే గొడుగు తెరిచి వెళ్లండి. అది ఎప్పుడూ మీ శరీరంలో అన్నిటికంటే ఎత్తున్న చోటికే గురిపెడుతుంది. గొడుగు లేకపోతే ఒక కర్రకి గుడ్డ కట్టి తలకంటే ఎత్తులో నిలబెట్టి పట్టుకోండి, ఆ గుడ్డను తన్ని పోతుంది. కర్రని తిప్పొద్దు, పక్షిని కొట్టొద్దు.

ఇంకోటి. అది చెప్పకుండా తన్నదు. ముందు గొంతులోనే "గ-గ-గ" అని పొట్టి పొట్టిగా అంటుంది. అది మొదటి మాట. మీరు ఇంకా ముందుకెళితే తలపైనుంచి వట్టినే దూసుకుపోతుంది. తర్వాత రెట్ట వేస్తుంది, గురి బాగానే ఉంటుంది. అప్పటికీ మీరు వినకపోతే కాళ్లతో తన్నుతుంది. మొదటి "గ-గ-గ" వినగానే వెనక్కి తగ్గితే నూటికి తొంభై సార్లు అక్కడితో అయిపోతుంది. తన్నేది ఎక్కువగా వెనకనుంచే, కాబట్టి వెనక్కి తిరిగి పరిగెత్తకుండా దానివైపు చూస్తూ మెల్లగా రండి.

బట్టల తీగ ట్యాంకుకి దూరంగా, మెట్ల గదికి ఆనుకుని కట్టుకోండి. అమ్మగారిని రెండు నెలలు కిందే నడవమనండి.


ఉప్పుగాలి | మే 29

గూడు సంగతి కాదు గానీ, నాదీ ఇలాంటి బాధే. మా పాపకి ఆరేళ్లు. బీచ్ గట్టు మీద కూర్చుని తింటుంటే సీగల్ వచ్చి చేతిలోది లాక్కుపోయింది. ముక్కు తగిలి వేలు చీరుకుపోయింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, పెద్ద దెబ్బేం కాదు. కానీ నెల నుంచి పాప బీచ్ అంటే ఏడుస్తోంది. రెక్కల చప్పుడు వింటే నా వెనక దాక్కుంటుంది. నాకు కోపం కంటే దిగులే ఎక్కువ. సముద్రం పక్కన ఉంటూ పిల్ల సముద్రాన్ని చూసి భయపడటం ఏమిటి?


రెక్కలచప్పుడు | మే 29

ఉప్పుగాలి గారూ, పాపకి చెప్పడానికి ఒక మంచి విషయం ఉంది. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు సముద్రతీర ఊళ్లలో ఒక ప్రయోగం చేసి 2019లో ప్రచురించారు. తినేది ఉన్న సంచిని నేలమీద పెట్టి, ఒకసారి మనిషి సీగల్ కళ్లలోకి చూస్తూ, ఇంకోసారి ముఖం తిప్పుకుని కూర్చున్నారు. 74 పక్షుల మీద మొదలుపెడితే రెండు విడతలూ పూర్తయ్యేంత దగ్గరికి వచ్చినవి 27 మాత్రమే. చూస్తున్నప్పుడు దగ్గరికి రావడానికి అవి సగటున 21 సెకన్లు ఎక్కువ తీసుకున్నాయి. అంటే మన చూపంటే వాటికి జంకు. అందరూ అనుకునేంత తెగువ అన్ని సీగల్స్‌కీ లేదు. లాక్కునేవి కొన్నే. మనకి గుర్తుండిపోయేదీ అవే.

కాబట్టి పాపకి ఇలా చెప్పండి: "నువ్వు దాన్ని చూస్తే అది నీకు భయపడుతుంది." ముందు ఏమీ తినకుండా, దూరంగా కూర్చుని పక్షుల్ని చూసే ఆట ఆడించండి. తినేటప్పుడు గోడకి వీపు ఆనించి కూర్చోండి, వెనకనుంచి వచ్చే దారి లేకుండా పోతుంది. పొట్లం విప్పి చేతిలో పట్టుకుని నడవకండి. ఒక్కో ముక్క తీసి మళ్లీ మూసేయాలి.


దాణాచేయి | మే 30

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నేను ఒంటరిగా ఉంటాను. ఆరేళ్లుగా నా కిటికీ గట్టు మీదికి ఒక సీగల్ వస్తోంది. దానికి ఒక కాలు లేదు, చేపల వల దారం చుట్టుకుని పోయిందేమో. రోజూ పొద్దున అది కిటికీ అద్దం మీద ముక్కుతో రెండుసార్లు కొడుతుంది, నేను ఏదో ఒకటి పెడతాను. చేతిలోంచే తీసుకుంటుంది, ఒక్కసారి కూడా గీరలేదు. మీరంతా లాక్కునే పక్షి, తన్నే పక్షి అంటుంటే బాధగా ఉంది. పలకరించేవాళ్లు లేని మనిషికి పొద్దున్నే ఆ చప్పుడు ఏమిటో మీకు తెలియదు.


వీధిశుభ్రం | మే 30

దాణాచేయి గారూ, మీ మాటకి విలువ ఇచ్చే చెప్తున్నాను, తప్పుగా అనుకోకండి. నేను పట్టణ పారిశుద్ధ్యంలో పని చేస్తాను. తెల్లవారుజామున వీధిలో చిరిగిన చెత్త సంచుల మధ్య నిలబడేది మేమే. మీ చేతిలోంచి తీసుకోవడం నేర్చుకున్న పక్షికి మీ చెయ్యి వేరు, ఆరేళ్ల పాప చెయ్యి వేరు అని తెలియదు. చెయ్యి అంటే తిండి, అంతే. పైన ఆ పాప అమ్మ రాసింది ఒకసారి చదవండి.

చెత్త విషయం కూడా చెప్పాలి. పక్షుల సంఖ్య మీద అందరూ కోప్పడతారు గానీ సంచి మనమే బయట పెడుతున్నాం. పల్చటి ప్లాస్టిక్ సంచిని రాత్రి పెడితే అది తెల్లవారేలోపు విస్తరి వేసినట్టే. మేం ఒక వీధిలో సంచుల బదులు మూత బిగిసే డబ్బాలు పెట్టించాం. సంచులే వాడేచోట ముక్కుకి చిరగని మందపాటి నేత సంచులు ఇచ్చాం, వాటిలోనే మామూలు సంచి పెట్టి మూయాలి. చెత్తబండి వచ్చే పూటే బయట పెట్టమన్నాం. రెండు వారాల్లో ఆ వీధిలో పొద్దున్నే దిగే గుంపు పక్క వీధికి మారింది. అన్ని వీధులూ కలిసి చేయకపోతే మారడమే ఉంటుంది, తగ్గడం ఉండదు. మూత లేని చెత్తబుట్ట ఒక్కటున్నా చాలు వాటికి.


రెక్కలచప్పుడు | మే 30

వీధిశుభ్రం గారు చెప్పినదానికి తోడు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ గల్స్ అనే ఇంకో సీగల్ జాతికి చిన్న జీపీఎస్ పరికరాలు కట్టి వెంబడించారు, 2020లో అచ్చయింది. బడిలో పిల్లలకి విరామం ఇచ్చే వేళకి బడి దగ్గరికి, చెత్త కేంద్రం పని మొదలయ్యే వేళకి అక్కడికి వెళ్తున్నాయి. పార్కుకి మాత్రం పొద్దున్నే, నేలలో పురుగులు దొరికేటప్పుడు. మనం గడియారం చూసుకుని ఏం చేస్తామో అవి నేర్చుకుంటున్నాయి. దాణాచేయి గారి అద్దం మీద రెండు దెబ్బలూ అలాంటివే. అందులో తప్పు పక్షిది కాదు.

దాణాచేయి గారూ, మనిషి పట్టుకున్న తిండినే అవి ఎంచుకుంటాయని కూడా అదే ఎక్సెటర్ బృందం 2020లో చూపించింది. ఒకేలాంటి రెండు ముక్కల్లో మనిషి చేతిలో పట్టుకుని కింద పెట్టినదాన్నే ఎక్కువ పక్షులు పొడిచాయి. అంటే తినేటప్పుడు మన చేతుల్ని చూస్తూనే ఉంటాయి. మీ స్నేహితుణ్ణి వదిలేయమని నేను అనను. చేతిలోంచి పెట్టడం మాత్రం మానండి. మీకు తోడు కావాల్సింది అది రావడం, తినడం కాదు కదా.


దాణాచేయి | మే 31

చదివాను. పాప వేలు గురించి రాత్రంతా ఆలోచించాను. ఈరోజు పెట్టలేదు.


రాత్రిడ్యూటీ | జూన్ 2

అందరూ పక్షి మనస్తత్వం గురించే మాట్లాడుతున్నారు. మా బిల్డింగ్ కింద కార్ల మీద రెట్ట పడి పెయింట్ పోతోంది, వాన నీటి గొట్టం గూటి గడ్డితో మూసుకుపోయి పై ఇంట్లో గోడ తడిసింది. ఇవి కూడా నిజాలే. వీటి సంఖ్య పెరిగిపోతోంది, దీనికి ఎవరి దగ్గరా సమాధానం లేదు.


రెక్కలచప్పుడు | జూన్ 2

మీ కష్టం నిజమే, కాదనను. నిద్ర లేకపోవడం చిన్న విషయం కాదు. ఒక్క మాట మాత్రం సరిచేయనివ్వండి. ఊళ్లో పెరుగుతున్నట్టు కనబడటం వేరు, అసలు పెరగడం వేరు. బ్రిటన్‌లో హెర్రింగ్ గల్ 2009 నుంచి ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో ఉంది. కొండ అంచుల మీద, దీవుల్లో ఉండే గుంపులు దశాబ్దాలుగా తగ్గిపోతూ వచ్చాయి. సముద్రంలో తిండి తగ్గడం, జబ్బులు, ఇలా చాలా కారణాలు. అక్కడ బతకలేనివి ఇక్కడికి వస్తున్నాయి. సీగల్ కంటికి మీ డాబా ఒక దీవి. చుట్టూ నిలువు గోడలు, నక్క ఎక్కలేదు, రాత్రి వీధి దీపాల వెలుగులో కూడా తిండి వెతుక్కోవచ్చు, ఊళ్లో చలి కొంచెం తక్కువ.

ఇది ఒక దేశం గొడవ కూడా కాదు. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్‌లో 2011 భూకంపం తర్వాత కూల్చేసిన ఒక బిల్డింగ్ పునాది గుంటలో నీళ్లు నిలిస్తే, నది గులకరాళ్ల తిన్నెల మీద ఉండాల్సిన నల్లముక్కు సీగల్స్ నగరం నడిబొడ్డున ఆ కాంక్రీటు మీద గూళ్లు పెట్టాయి. ప్రపంచంలోనే బాగా ప్రమాదంలో ఉన్న సీగల్ జాతుల్లో అదొకటని అప్పట్లో లెక్కించేవారు.


ఇటుకాసున్నం | జూన్ 2

రాత్రిడ్యూటీ తమ్ముడూ, పక్క బిల్డింగ్ వాళ్లతో ఇప్పుడు పోట్లాడి లాభం లేదు. అక్టోబర్‌లో మాట్లాడు. గూళ్లు ఖాళీ అయ్యాక పాత గడ్డి మొత్తం ఊడ్చేయాలి, గొట్టాలు శుభ్రం చేయాలి. జంటలు మళ్లీ చోటు చూసుకోవడానికి రాకముందే, అంటే ఫిబ్రవరిలోపే, అవి కూర్చునే మూలలు మూసేయాలి. ఏడాదిలో పనికొచ్చే పని ఆ నాలుగు నెలల్లోనే ఉంది. జనం మాత్రం నాకు జూన్‌లో ఫోన్ చేస్తారు.

ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మలకి డబ్బు పెట్టకండి. వారం పది రోజులు జంకుతాయి, తర్వాత దాని నెత్తి మీదే కూర్చుంటాయి. నేను కళ్లారా చూశాను. అరుపుల రికార్డింగులు కూడా అంతే, పైగా మనుషులకి ఇంకో గోల. ముళ్ల పట్టీలు సన్నటి అంచుల మీద పని చేస్తాయి, వెడల్పు చోట ఆ ముళ్లనే ఆసరా చేసుకుని గూడు కడతాయి. వల వేస్తే బిగువుగా, చిరుగు లేకుండా వేయాలి, ప్రతి నెలా చూసుకోవాలి. వదులు వలలో చిక్కుకుని చచ్చిపోయిన పక్షుల్ని రెండుసార్లు నేనే కోసి తీశాను. అది నేను మళ్లీ చూడదలుచుకోలేదు.


పైఅంతస్తు | జూన్ 5

అప్‌డేట్. మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. గొడుగు ఉపాయం అద్భుతంగా పని చేస్తోంది ఇటుకాసున్నం గారూ. రోజుకి ఒక్కసారే పైకి వెళ్తున్నాం. మెట్ల గది కిటికీలోంచి గూడు తిన్నగా కనబడుతుంది. అమ్మ మొదట్లో ఆ కిటికీ తెరవనిచ్చేది కాదు. ఇప్పుడు మా అబ్బాయి బైనాక్యులర్స్ తీసుకుని స్టూల్ వేసుకుని అక్కడే కూర్చుంటోంది.

నిన్న నన్ను పిలిచి చూపించింది. పెద్దది గూడు అంచున నిలబడి తల వంచింది. బూడిదరంగు నూగు మీద నల్ల చుక్కలున్న పిల్ల ఒకటి తూలుకుంటూ వచ్చి, ఆ పసుపు ముక్కు మీదున్న ఎర్రచుక్కనే పొడిచింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి పెద్దది మెడ సాగదీసి గొంతులోంచి ఏదో కక్కింది. పిల్ల దాన్ని ముక్కలుగా లాక్కుని తింది. అమ్మ అడుగుతోంది: ఆ చుక్క ఉన్నది ఇందుకేనా అని.


రెక్కలచప్పుడు | జూన్ 5

అమ్మగారికి నా నమస్కారాలు. ఇందుకే! నికో టిన్‌బర్గన్ అనే శాస్త్రవేత్త అట్టతో రకరకాల ముక్కులు చేసి పిల్లల ముందు పెట్టి సరిగ్గా ఈ సంగతే పరీక్షించాడు. చుక్క లేని ముక్కు కంటే ఎర్రచుక్క ఉన్నదాన్ని పిల్లలు ఎక్కువ పొడిచాయి. జంతువుల ప్రవర్తన మీద చేసిన ఇలాంటి పనికే ఆయనకి 1973లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. అమ్మగారు కిటికీలోంచి చూసి అడిగిన ప్రశ్న అదే.


ఉప్పుగాలి | జూన్ 8

ఎర్రచుక్క సంగతి మా పాపకి చెప్పాను. ఈరోజు బీచ్‌కి వెళ్లాం, తినడానికి ఏమీ తీసుకెళ్లలేదు. ఒక సీగల్ గడ్డిలో నిలబడి కాళ్లు టపటపా ఆడిస్తూ ఉంది. పాప అది డాన్స్ చేస్తోంది అంది. ఎందుకలా చేస్తుంది? ఇంకోటి ముక్కు చివర నీటిచుక్క వేలాడుతోంది, తల విదిలిస్తోంది. జలుబు చేసిందా అని పాప ఒకటే దిగులు.


రెక్కలచప్పుడు | జూన్ 8

కాళ్లతో కొడితే నేల అదురుతుంది, వానపాములు పైకొస్తాయి. అప్పుడు పట్టుకుని తింటుంది. జలుబు కాదని పాపకి చెప్పండి. సీగల్స్ ఉప్పునీళ్లు తాగగలవు. కళ్లపైన ఉండే గ్రంథులు రక్తంలోని ఎక్కువ ఉప్పుని లాగేసి ముక్కు రంధ్రాల్లోంచి బయటికి పంపిస్తాయి. ఆ చుక్క ఉప్పు చుక్క.


పైఅంతస్తు | జూన్ 21

అర్జెంట్. ఒక పిల్ల కింద పడింది! నాలుగంతస్తుల పైనుంచి, కింద కార్లు పెట్టే చోట పూలకుండీల మధ్య కూర్చుని ఉంది. ఒళ్లంతా గోధుమరంగు ఈకలు, తలమీద ఇంకా నూగు ఉంది. పెద్దవి రెండూ వచ్చేపోయే ప్రతివాళ్ల మీదికీ దిగుతున్నాయి. వాచ్‌మన్ దాన్ని అట్టపెట్టెలో వేసి బీచ్‌లో వదిలేస్తానంటున్నాడు. ఏం చేయాలి?


పశువైద్యం | జూన్ 21

బీచ్‌లో వదలొద్దు. అక్కడ దాన్ని మేపేవాళ్లు ఎవరూ ఉండరు, చచ్చిపోతుంది. పెద్దవి అరుస్తున్నాయంటే దాన్ని వదిలేయలేదని అర్థం, నేల మీద ఉన్నా తిండి తెచ్చి పెడతాయి.

దూరం నుంచి చూడండి. రెండు రెక్కలూ సమానంగా ఉన్నాయా? లేచి నిలబడుతోందా? రక్తం ఉందా? రెక్క వేలాడుతున్నా, నిలబడలేకపోతున్నా వన్యప్రాణుల్ని కాపాడేవాళ్లకి ఫోన్ చేయండి. బాగానే ఉంటే కార్లకి దూరంగా, అదే ఆవరణలో నీడ ఉన్న మూలకి చేర్చండి. తువ్వాలు మీద కప్పి రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో ఎత్తాలి. అది మీ మీద కక్కొచ్చు, కంగారు పడొద్దు. ఎత్తేటప్పుడు ఇంకొకరు గొడుగు పట్టాలి. లోతు లేని పళ్లెంలో నీళ్లు పెట్టండి. రొట్టె, పాలు వద్దు. తర్వాత చేతులు సబ్బుతో కడగాలి.

ఈ చర్చలో అందరికీ కలిపి ఇంకో మాట. చనిపోయినది గానీ, తల వంకరగా పెట్టి గుండ్రంగా తిరుగుతున్నది గానీ కనబడితే వట్టి చేతుల్తో ముట్టుకోకండి, పిల్లల్నీ కుక్కల్నీ దగ్గరికి వెళ్లనివ్వకండి, అధికారులకి చెప్పండి. 2021 తర్వాత హెచ్‌5ఎన్‌1 బర్డ్ ఫ్లూ సముద్రపు పక్షుల్ని బాగా దెబ్బతీసింది.


పైఅంతస్తు | జూన్ 21, రాత్రి

దెబ్బలేం లేవు. నేను తువ్వాలు కప్పి ఎత్తాను, వాచ్‌మన్ గొడుగు పట్టాడు. చేతుల్లో అంత పెద్ద పక్షి అంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదు. తువ్వాలు లోపల దాని గుండె నా వేళ్లకి కొట్టుకుంటోంది. జనరేటర్ గది వెనక నీడలో వదిలాం. పది నిమిషాల తర్వాత పెద్దది దిగి దాని పక్కన నిలబడింది. రాకపోకలకి ఇంకో గేటు తెరిపించాం, మూసిన గేటుకి "పక్షి పిల్ల ఉంది, ఇటు రాకండి" అని కాగితం అంటించాం.


రాత్రిడ్యూటీ | జూన్ 24

మా వీధిలో కూడా ఒకటి పడింది. చూస్తూ వెళ్లిపోదామనుకున్నాను. పైన రాసింది గుర్తొచ్చి రోడ్డు మీద నుంచి పక్కకి చేర్చాను, వెనకనుంచి రెండు తన్నులు తిన్నాను. నిద్ర విషయంలో మాత్రం నా మాట మారదు. ఇది ఎవరో ఒకరు పట్టించుకోవాల్సిన సమస్యే.


ఇటుకాసున్నం | జూన్ 24

మారక్కర్లేదు తమ్ముడూ. ఈ ఏడాదికి వెనకవైపు గదికి మంచం మార్చుకో, కిటికీ సందులకి రబ్బరు పట్టీ వేయించు. అక్టోబర్‌లో మీ పక్క బిల్డింగ్ వాళ్లని నాతో మాట్లాడించు. కొలతలు నేను తీసుకుంటాను.


దాణాచేయి | జూన్ 26

ఒక సంగతి చెప్పాలనిపించింది. నేను మానేశాక తొమ్మిది రోజులు అది వచ్చి అద్దం కొట్టింది. రెండు దెబ్బలు, కాసేపు ఆగి మళ్లీ రెండు. నేను గదిలో కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. చాలా కష్టమైంది. పదో రోజు వచ్చింది, కొట్టలేదు. ఒంటికాలి మీద గట్టు మీద నిలబడి సముద్రం వైపు తిరిగి ఈకలు సర్దుకుంది. పావుగంట ఉండి ఎగిరిపోయింది. అప్పటినుంచి వారంలో మూడు నాలుగు రోజులు అలాగే వస్తోంది.


ఉప్పుగాలి | జూన్ 26

దాణాచేయి గారూ, మా పాప మీ సీగల్ బొమ్మ గీసింది. ఒంటికాలితో.


పైఅంతస్తు | జులై 14

మూడూ ఎగిరాయి. కింద పడిన పిల్ల అందరికంటే ఆఖరున, మొన్న సాయంత్రం జనరేటర్ గది కప్పు మీదికి ఎక్కి, అక్కడినుంచి ప్రహరీ గోడ దాకా, మర్నాడు రోడ్డు అవతలికి. గోధుమరంగులోనే ఉన్నాయి. పెద్దవాటిలా తెల్లగా ఎప్పుడవుతాయని అమ్మ అడిగింది.


రెక్కలచప్పుడు | జులై 14

నాలుగేళ్లు పడుతుంది. గూడు పెట్టే వయసు కూడా అప్పుడే మొదలు. బతికి బట్టకడితే ముప్ఫై ఏళ్లు కూడా ఉండగలవు. అంటే అమ్మగారి తలమీద తన్నిన పక్షి మీ బిల్డింగ్ కంటే వయసులో పెద్దది కావచ్చు.


పైఅంతస్తు | అక్టోబర్ 19

ఇటుకాసున్నం గారు చెప్పినట్టే మా దగ్గర పని చేసే మేస్త్రీతో పాత గూడు తీయించాం, గ్లౌజులు మాస్కు వేసుకునే చేశాడు. వాన నీటి గొట్టంలోంచి అరబకెట్ గడ్డి వచ్చింది. ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య సందుని జాలీ చట్రం పెట్టి పూర్తిగా మూసేశాం, ట్యాంకు మూతకి క్లిప్పులు వేయించాం. ఇంట్లో ఒక చిన్న వాదన జరిగింది. నేను మెట్ల గది కప్పు మీద కూడా ముళ్లు వేయిద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. అక్కడికి మనం ఎక్కం, బట్టల తీగకి దూరం, మెట్ల తలుపు రెండోవైపు తెరుచుకుంటుంది, అది వాటికి వదిలేయి అంది. వదిలేశాం. ఇది సరైనదేనా?


ఇటుకాసున్నం | అక్టోబర్ 19

పిల్లలు జారి పడకుండా ఆ కప్పు చుట్టూ జానెడు ఎత్తు అంచు కట్టించండి. నీళ్లు పోవడానికి రెండు రంధ్రాలు, వాటికి జాలీ. జూన్‌లో మళ్లీ గొడుగు తప్పదు, అది మాత్రం ముందే అనుకోండి. రాత్రిడ్యూటీ వాళ్ల పక్క బిల్డింగ్‌కి నిన్న వెళ్లొచ్చాను. నలుగురు ఓనర్లలో ముగ్గురు సరేనన్నారు.


పైఅంతస్తు | ఫిబ్రవరి 23

పొద్దున రెండు వచ్చాయి. ముందు ట్యాంకు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లి, జాలీ ముందు చాలాసేపు నిలబడ్డాయి. తర్వాత మెట్ల గది కప్పు మీదికి ఎగిరి ఒకటి తల వెనక్కి వాల్చి గొంతెత్తి అరిచింది. పోయినేడాది వచ్చినవే అని అమ్మ, కాదేమో అని నేను. మగపక్షి ఎడమ కాలి వేళ్ల మధ్య పొర చిరిగి ఉండేదట, నేనెప్పుడూ గమనించలేదు. అమ్మ బైనాక్యులర్స్ నా చేతిలో పెట్టి "కాలు చూడు" అంది. చిరిగే ఉంది.